సీసా నల్లబడ్డది, ఇప్పుడేం చేద్దాం?

(వానలకు ముందు ఆదివాసీ యువతీయువకుల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

  

నన్ను నీళ్ళ గురించి మాట్లాడమన్నరు. నేను సైంటిస్టును కాదు. డిగ్రీ మధ్యల ఆపేసి ఊరికొచ్చినోణ్ణి. మూడేండ్ల నుంచి మా గూడెంల నీళ్ళు పరీక్ష చేసి, ఒక నోటుబుక్కుల రాస్తున్న. ఆ నోటుబుక్కు ఎందుకు మొదలైంది, దాంతోటి ఏం పని జరిగింది, ఏం జరగలేదు, అదే చెప్త.

ముందు మనకందరికీ తెలిసిన ముచ్చట ఒకటి గుర్తు చేస్త. ప్రతి ఏడు పుష్యమాసంల మెస్రం వంశస్తులు కేస్లాపూర్ నాగోబా కోసం గోదావరికి నడుచుకుంట పోతరు. జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగుల ఝారీ నింపుకొని, మళ్ళ నడుచుకుంటనే వస్తరు. తెచ్చిన నీళ్ళను మర్రిచెట్టు మీద భద్రంగ ఉంచుతరు. అమావాస్య నాడు ఆ నీళ్ళతోటే నాగోబాకు అభిషేకం. ఒక్క ఝారీ నీళ్ళ కోసం అన్ని రోజులు నడిచే జాతి మనది. ఆ నీళ్ళు యాడ ముంచినరు, ఎవరు మోసినరు, యాడ ఆగినరు, అంతా లెక్క ఉంటది.

మరి రోజూ పొద్దుగాల మన అక్కచెల్లెళ్ళు బిందెల తెచ్చే నీళ్ళకు లెక్క ఉన్నదా? ఆ నీళ్ళు బాగున్నయా, లేవా, ఎప్పటి నుంచి బాగలేవు అనేది మన దగ్గర ఎవరన్నా రాసి పెట్టిన్రా?

మా గూడెంల ముప్పై ఇండ్లు కూడా లేవు. ఒక చెలిమె, ఒక బోరింగు, ఒక నల్లా ట్యాంకు ఉన్నయి. నల్లా నీళ్ళు ఒకరోజు వస్తే రెండురోజులు రావు. వచ్చినా మందు వాసన అని చానామంది తాగరు. చెలిమె నీళ్ళు తియ్యగుంటయి, సల్లగుంటయి. అందుకే తాగనీకి చెలిమె, కడగనీకి నల్లా.

మొదటిసారి శిక్షణకు పోయినప్పుడు నాకు చిన్న సీసాలు ఇచ్చిన్రు. హెచ్‌టుఎస్ సీసా అంటరు. అండ్ల మందు పూసిన కాయితం ఉంటది. గీత దాకా నీళ్ళు పోసి, మూత పెట్టి, వెచ్చటి జాగల ఒకరోజు నుంచి రెండురోజులు ఉంచాలె. మలం కలిసిన నీళ్ళల్ల ఉండే క్రిములు ఆ మందుల పెరిగి ఒక గ్యాసు విడుస్తయి, దాంతోటి నీళ్ళు నల్లబడతయి. ఇది బయటి దేశంల పుట్టింది కాదు. 1982ల గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థల మన దేశపు శాస్త్రవేత్తలే తయారు చేసిన్రు. కరెంటు లేని, ల్యాబు లేని ఊర్ల కోసమే చేసిన పరీక్ష ఇది.

నేను మూడు సీసాలు నింపిన. బోరింగు సీసా మారలేదు. నల్లా సీసా మారలేదు. చెలిమె సీసా తెల్లారేసరికి బొగ్గు లెక్క నల్లబడ్డది.

ఊరంతా నా మీదికి లేచింది. ఒక ముసలవ్వ గట్టిగనే అన్నది: "నేను పెండ్లయి వచ్చిన కాడి నుంచి ఇవే నీళ్ళు తాగుతున్న. నీ సీసా నిన్నగాక మొన్న వచ్చింది. అది చెప్తే మేము వినాల్నా?" నేనేం మాట్లాడలేదు. మా ఇంట్ల కూడా అవే నీళ్ళు తాగినం గదా.

రెండురోజులైనంక చీకటిపడే యాళ్ళకు ఆ అవ్వనే మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూసొని మెల్లగ అడిగింది: "బిడ్డా, వాంతులు విరేచనాలతోటి నా కొడుకు పోయిన ఏడు, అప్పుడు కూడా ఈ నీళ్ళు ఇట్లనే ఉండెనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడు నీళ్ళను ఎవరూ చూడలేదు, ఎవరూ రాయలేదు. పిల్లగాడు పోయినంక మాత్రం బ్లీచింగ్ పౌడర్ వచ్చిందంట, క్యాంపు పెట్టిన్రంట. పొరగాడు ఎందుకు పోయిండో తల్లికి ఇప్పటికీ తెల్వదు. ఆ రాత్రే నోటుబుక్కు మొదలుపెట్టిన. మొదటి పేజీల తారీఖు, చెలిమె పేరు, నల్లబడ్డ గంట రాసిన.

మన జిల్లాలల్ల ఇది ఒక్క గూడెం కథ కాదని మీకందరికీ తెలుసు. వానాకాలం మొదలైతే చాలు, ఏదో ఒక గూడెం నుంచి మంచాల మీద మోసుకొచ్చుడు మొదలైతది. వాగు పొంగుతది, అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగుతది. రోగం వచ్చినంక నీళ్ళు చూస్తరు. మనం అడిగేది రోగం రాకముందే చూడమని. వాళ్ళు చూసేదాక ఆగకుండ మనమే చూసుడు మొదలుపెట్టాలని నేను చెప్తున్న.

ఇక్కడ మా ఊరి తమ్ముడు ఒకడు లేపిన భయం చెప్పాలె. మీల కూడా చానామందికి ఆ భయం ఉంటది. వాడన్నడు: "అన్నా, ఈ సీసా సంగతి బయటికి పోతే 'మీ నీళ్ళు బాగలేవు, అడవిల ఉండి ఏం చేస్తరు, రోడ్డు పక్కకు రండి' అంటరు. మన చేత్తోటి మనమే కాయితం రాసిచ్చినట్టయితది."

వాని మాట కొట్టిపారేసేది కాదు. 2012ల కవ్వాల్‌ను టైగర్ రిజర్వ్ చేసిన కాడి నుంచి "తరలింపు" అనే మాట మన చెవుల్ల పడుతనే ఉన్నది. అందుకే ఆ రోజు గ్రామసభ పెట్టినం. మూడు మాటలు తీర్మానం చేసినం. ఒకటి, నోటుబుక్కు గ్రామసభది, ఏ ఒక్కనిదో కాదు. రెండు, ఫలితం మొదలు ఊరి ముంగట చదవాలె, ఆ తర్వాతే బయటికి. మూడు, నీళ్ళు చెడిపోతే ఆ ఊట బాగుచేసుడే పరిష్కారం, ఊరు లేపుడు కాదు.

దీనికి చట్టం బలం ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 చదవండి. అడవిని, అడవి జంతువులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చిన ఆ సెక్షన్‌లనే, పరీవాహక ప్రాంతాలు, నీటి వనరులు కాపాడే అధికారం కూడా ఉన్నది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలల్ల చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీల చేతుల్ల పెట్టింది. 2019ల మొదలైన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలల్ల ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష శిక్షణ ఇయ్యాలని ఉన్నది. మీ ఊర్ల ఆ ఐదుగురు ఎవరు? వాళ్ళకు కిట్టు వచ్చిందా? అండ్ల మందులకు గడువు తారీఖు దాటిందా? పోయి మీ పంచాయతీల అడగండి. ఇయ్యాల్టి మొదటి పని అదే.

మా చెలిమె సంగతికొస్త. ఎందుకు చెడిపోయిందని నలుగురం వాగు ఎంబడి పైకి నడిచినం. సమాధానం దూరంల లేదు. చెలిమెకు కొద్దిగ పైనే మా పశువులు దిగుతున్నయి. ఆ ఒడ్డుకే పిల్లలు బయటికి కూసుంటున్నరు. అంటే ఏ కంపెనీనో, ఏ సర్కారో చెడగొట్టలేదు. మేమే చెడగొట్టుకున్నం. ఈ మాట మనోళ్ళ మీటింగుల చెప్పుడు కష్టమే. కానీ చెప్పాలె. మనది మనం దాచిపెట్టి, బయటోళ్ళది మాత్రం రాస్తే ఆ నోటుబుక్కును ఎవరూ నమ్మరు.

పశువులకు కింది దిక్కు వేరే బాట చేసినం. చెలిమె చుట్టు రాళ్ళు పేర్చి మట్టి కట్ట పోసినం. బట్టలు ఉతికేది ఇంకా కిందికి మార్చినం. ముంచనీకి ఒకటే చెంబు, దానికి ఒకటే కొయ్య. నెల తర్వాత సీసా నల్లబడలేదు. ఊరంతా సంబురపడ్డది. వానలు పడ్డంక మళ్ళ నల్లబడ్డది! వాగు నీళ్ళు కట్ట దాటి లోపలికొచ్చినయి. అందుకే ఇప్పుడు మా ఊర్ల ఒక పద్ధతి పెట్టుకున్నం: మొదటి పెద్ద వాన నుంచి వాగు తేటబడేదాక చెలిమె నీళ్ళు తాగుడు బంద్. బోరింగు నీళ్ళు, లేకపోతే కాగబెట్టిన నీళ్ళే. ముసలవ్వనే ఇప్పుడు అందరికంటే గట్టిగ కావలి కాస్తది.

నల్లా సంగతి వేరే. సీసా నల్లబడలేదు కానీ, మందు చుక్కలేసి క్లోరిన్ చూస్తే రంగే రాలేదు. నల్లా కాడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలె. అది లేకపోతే ఇయ్యాల బాగున్న నీళ్ళు రేపు బాగుంటయని నమ్మకం లేదు. మా పైపు ఒకకాడ మురికి కాలువల నుంచి పోతది, అక్కడ లీకేజీ ఉన్నది. నీళ్ళు వచ్చేటప్పుడు లీకేజీల నుంచి బయటికి పోతయి. నీళ్ళు బందైనప్పుడు పైపు ఖాళీ అయి, ఆ ఓటి జాగ నుంచే మురికిని లోపలికి గుంజుకుంటది. మూడు వారాలు వరుసగ తారీఖు, టైము, "రంగు రాలేదు" అని రాసినం. మొదటిసారి నోటితోటి చెప్తే "వేస్తున్నం గదా" అన్నరు. మూడు వారాల పేజీలు జిరాక్స్ తీసి, గ్రామసభ తీర్మానం జతచేసి ఇస్తే పైపు మార్చిన్రు. అంతకుముందు ఎన్ని దరఖాస్తులు పెట్టినమో లెక్క లేదు. "నీళ్ళు బాగలేవు" అనే మాటకు జవాబు దొరుకుతది. తారీఖులకు జవాబు దొరకలేదు.

ఇప్పుడు పనికొచ్చే ముచ్చట్లు, రాసుకోండి.

ముందు మీ ఊర్ల తాగే నీళ్ళ జాగలన్నీ రాయండి: చెలిమె, బాయి, బోరింగు, ట్యాంకు, బడి, అంగన్‌వాడీ. దేనికి ఆ పేరు, ఎవరెవరి ఇండ్లు అక్కడ ముంచుకుంటయి, అది కూడా. ఎండాకాలం చివర ఒకసారి, మొదటి వానలకు ఒకసారి, తర్వాత నెలకోసారి పరీక్ష చేయండి. చలికాలం సీసా రంగు మారుడు ఆలస్యమైతది. మన ఆదిలాబాద్ చలి తెలుసు గదా, గుడ్డల చుట్టి పొయ్యికి దగ్గర వెచ్చగ ఉంచండి. పని అయినంక నల్లబడ్డ సీసాల బ్లీచింగ్ పోసి, దూరంగ గుంత తీసి పారబోయండి. పిల్లలకు అందనీయొద్దు.

కిట్టుల నైట్రేట్, ఫ్లోరైడ్ కూడా చూడొచ్చు. లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటొద్దు. ఫ్లోరైడ్ 1 లోపు ఉంటే మంచిది, వేరే నీళ్ళు లేకపోయినా 1.5 దాటొద్దు. మన పత్తి చేన్లల్ల చల్లే యూరియా నుంచి, పశువుల పేడ నుంచి నైట్రేట్ బాయిలకు దిగుతది. ఎక్కువైతే పాలు తాగే పసిపిల్లలకు ప్రమాదం. ఒక మాట గుర్తుంచుకోండి: కాగబెడితే క్రిములు చస్తయి, నైట్రేట్, ఫ్లోరైడ్ పోవు.

కిట్టుకు చేతకానిది కూడా తెలుసుకోండి. పురుగుమందు అది పట్టదు. సీసా నల్లబడకపోతే నీళ్ళల్ల విషం లేదని కాదు. అనుమానం ఉంటే ల్యాబుకు పంపాలని రాసి అడగాలె. మందు కొట్టే పంపులు వాగుల కడుగుడు, ఖాళీ డబ్బాలు వాగుల పారేసుడు బంద్ చేసేది మాత్రం మన చేతిల పనే. ఆ తీర్మానానికి ఏ ల్యాబూ అవసరం లేదు.

ఇంకొకటి, నీళ్ళ లోతు కూడా కొలవండి. ఒక తాడుకు ముడులేస్తే చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి కరువు జిల్లాలల్ల వందల ఊర్ల రైతులు ఇట్లనే బోర్ల లోతు, వాన లెక్క వాళ్ళే రాసుకున్నరు. ఊరంతా కూసొని ఆ లెక్క చూసి, యాసంగిల ఏ పంట ఎంత వేయాలనేది మాట్లాడుకున్నరు. చదువురానోళ్ళు కూడా అండ్ల ఉన్నరు. వాళ్ళు చేసిన్రు, మనమెందుకు చేయలేం? మన గుట్ట మీద చెట్లు పోతే చెలిమె ఎన్ని రోజులు ముందుగ ఎండుతదో తాడు ముడే చెప్తది.

ఈ పని మనం చేస్తున్నమని సర్కారు బాధ్యత తీరిపోదు. మనం జీతం లేని ఉద్యోగులం కాదు. మంచినీళ్ళు ఇచ్చుడు వాళ్ళ పని. ఇస్తున్నరా లేదా చూసుడు మన పని. నీళ్ళు మోసేది ఆడోళ్ళు, ఏ చెలిమె ఎప్పుడు రంగు మారుతదో వాళ్ళకే ముందు తెలుసు. కాబట్టి నోటుబుక్కు వాళ్ళ చేతిల ఉండాలె. మగపిల్లలు బిందె మోసుడు నేర్చుకోండి, అప్పుడు నోటుబుక్కు గురించి మాట్లాడుదం.

చివరి మాట. ఆదిలాబాద్ గుట్టల్ల పుట్టిన కడెం వాగు కుంటాల కాడ దూకి, గోదావరిల కలుస్తది. ఆ గోదావరి నీళ్ళే ఎల్లంపల్లి కాడ ఆగి, అక్కడి నుంచి హైదరాబాద్ నల్లాలకు పోతున్నయి. మంచిర్యాల, పెద్దపల్లి, కరీంనగర్ మిత్రులారా, మా వాగు మీ నది. మేం పైన కాపాడితే మీకు మంచిది. మీరు కింద మా గొంతుకు తోడైతే మాకు మంచిది. అంత దూరం పైపు వేయగలిగినోళ్ళకు, వాగు పుట్టిన గూడెంల ఒక బోరింగు గద్దె కట్టుడు కష్టమైన పని కాదు.

1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీం ప్రాణం పోసిన మాటల మొదటిది జల్. భూమికి పట్టా అడుగుతున్నం, అడవికి హక్కు పత్రం అడుగుతున్నం. నీళ్ళకు కూడా ఒక పత్రం ఉండాలె, అది మనమే రాసుకునే పత్రం. వచ్చే ఏడు ఏ తల్లన్నా వచ్చి "ఆనాడు నీళ్ళు ఎట్లున్నయి బిడ్డా" అని అడిగితే, పేజీ తిప్పి చూపెట్టేటట్టు ఉండాలె.

ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కరు ఒక నోటుబుక్కు తీసుకపోండి. మృగశిర లోపు మొదటి పేజీ నింపండి. వచ్చే రాయి సెంటర్ కూటంల అందరం పేజీలు చదువుదాం.

జై జంగో! జై లింగో! జల్, జంగల్, జమీన్ మనవే!