రిమోట్‌లో పద్దెనిమిది

రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే కరెంటు బిల్లు గురించిన ప్రశ్నలు మొదలయ్యాయి. చాలావాటి వెనక ఉన్నది ఒకటే నమ్మకం: ఎండన పడి రాగానే ఏసీ 18 మీద పెడితే గది తొందరగా చల్లబడుతుందని. చల్లబడదండీ. రిమోట్‌లో కనిపించే అంకె ఎంత జోరుగా నడవాలో చెప్పదు, ఎక్కడ ఆగాలో చెబుతుంది. మామూలు ఏసీ కంప్రెసర్‌కు తెలిసినవి రెండే పనులు, నడవడం, ఆగడం. 36 డిగ్రీల గది 24కి దిగేదాకా మీరు 18 పెట్టినా, 24 పెట్టినా అది ఒకేలా నడుస్తుంది. తేడా అంతా ఆ తర్వాతే. 24 పెట్టిన ఇంట్లో మధ్యమధ్య ఆగుతుంది. 18 పెట్టిన ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఆ అంకె అందక, ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. రాత్రికి ఇంటిల్లిపాదీ దుప్పట్లు వెతుక్కుంటారు. డబ్బిచ్చి చలి తెచ్చుకుని మళ్లీ దుప్పటి ఎందుకు చెప్పండి?

‘మాది ఇన్వర్టర్ ఏసీ, దానికిది వర్తించదు’ అనేవారున్నారు. గది కాలిపోతున్నప్పుడు 24 పెట్టినా అది జోరుగానే మొదలవుతుంది. గది చల్లబడ్డాక నెమ్మదిస్తుంది, దాని పొదుపంతా అక్కడే. 18 పెట్టి నెమ్మదించనివ్వకపోతే అంత ధర పోసి కొన్నది దేనికి? ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. స్టార్ గుర్తున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన కూడా ఉంది. పనిగట్టుకుని కిందికి దించేది మనమే.

ఇంకా పెంచి 26 పెడితే ఉక్కపోయదా అంటారా? ఫ్యాను వేయండి. రెండూ వేస్తే బిల్లు తడిసి మోపెడవుతుందన్న భయం అక్కర్లేదు. పాతరకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు, కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ రకం 30 దాకా. ఒకటిన్నర టన్నుల ఏసీ 1,500 వాట్ల వరకూ లాగుతుంది. అంటే పాత ఫ్యాను ఇరవై గంటల్లో తినేది, ఏసీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటలో తినేస్తుంది. అయితే ఫ్యాను గదిని చల్లబరచదు, మన ఒంటి మీది చెమట ఆర్చి మనల్ని చల్లబరుస్తుంది. ఖాళీ గదిలో తిరిగే ఫ్యానుతో ఎవరికి లాభం?

ఏసీ లేని ఇంట్లో అసలు శత్రువు పైకప్పు. పగలంతా మరిగిన స్లాబు రాత్రంతా వేడి దించుతుంది. మేడ మీద తెల్లసున్నం కొట్టడం మన పెద్దలెరిగిన పనే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పులకు ఒక విధానమే ప్రకటించింది. కూలర్ ఉందంటారా, అది ఆదిలాబాద్ పొడి ఎండలో పనిచేసినంత బాగా కాకినాడ తేమలో పనిచేయదు; కిటికీ తెరిచి ఉంచకపోతే అసలే చేయదు. ఇక గదిలో వేడి 40 దాటితే ఫ్యాను ఒక్కటే చాలదు, వేడిగాలే ఒంటికి కొడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. ఏసీ ఉన్నవారు బిల్లుకు భయపడి అప్పుడు కట్టేయకండి. వేసే ఉంచండి, 26 మీద.