పెద్దప్రేగు పరీక్షకు ముందు శుద్ధి



సన్నని గొట్టముతో పెద్దప్రేగు లోపలిభాగమును చూచు పరీక్షకు కొలనోస్కోపీ యని పేరు. నెత్తురు పడుటకు కారణమును కనుగొనుటకును, మున్ముందు క్యాన్సరుగా మారగల బుడిపెలను అప్పుడే తీసివేయుటకును ఇది సాధనము. కాని ప్రేగు శుభ్రముగా లేనిచో ఎంతటి నిపుణునికైనను ఆ బుడిపెలు కానరావు. ఇట్లుండగా, పరీక్షకంటె ముందు త్రాగవలసిన మందునకే వెఱచి మానుకొనువారు కలరు. అట్టివారికి నేను చెప్పదలచినది యొక్కటే: శుద్ధికి మార్గములు పెక్కు గలవు.

1980లో అమెరికా వైద్యులు పాలీఎథిలిన్ గ్లైకాల్ అను పదార్థమును లవణములతో నీట కలిపి యొక ద్రవమును సిద్ధపఱచిరి. అది దేహములోనికి ఇంకదు, దేహమునుండి నీటిని లాగదు. ప్రేగును కడిగికొనుచు వెడలిపోవును. మూత్రపిండములు బలహీనమైనవారికి వైద్యులు సాధారణముగా దీనినే యెన్నుదురు. ఒక్క సాయంకాలమున 4 లీటర్లు త్రాగుటయే ఇందలి కష్టము.

ఆ కష్టమునకు ఉపాయము లున్నవి. మొదటిది, మందును రెండు పాళ్లు చేయుట: సగము ముందునాటి సాయంకాలము, తక్కిన సగము పరీక్షకు 4 మొదలు 6 గంటల ముందు ఆరంభించి, కనీసము 2 గంటల ముందు ముగించుట. ఇట్లు చేసిన ఓర్చుకొనుటయు సులభము, ప్రేగును మిక్కిలి శుభ్రమగును. రెండవది, 2 లీటర్లతో సరిపోవు మందు. మూడవది, సోడియం పికోసల్ఫేటును మెగ్నీషియముతో కూర్చిన పొడి. మందు కొంచెమే యైనను నీరు విశేషముగా త్రాగవలెను. మూత్రపిండముల జబ్బు ముదిరినవారికి ఇది తగదు. సోడియం ఫాస్ఫేటు ద్రావణము మూత్రపిండములను చెఱుపగలదని 2008లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. ఇంటిలోని ఆముదము వీనికి బదులు కాజాలదు.

ఇక ఆహారము. రెండు మూడు దినములు ముందుగా జొన్నరొట్టె, మక్కగారెలు, నువ్వులు కలిసిన సకినాలు, ఆకుకూరలు, జామపండ్లు మానవలెను. ఇతర వ్యాధులు లేనివారు వైద్యుడు సమ్మతించినచో ముందునాటి మధ్యాహ్నమువఱకు తెల్లని అన్నము, పెరుగు తినవచ్చును. అటుపిమ్మట వడగట్టిన చారుతేట, కొబ్బరినీరు వంటి తేటద్రవములే. ఎఱ్ఱని పానీయములు వలదు. అవి లోపల నెత్తురువలె భ్రమ గొలుపును.

మన ప్రాంతమువారికి మఱియొక చిక్కు గలదు. హైదరాబాదునకు ఆదిలాబాదు సుమారు 300, కరీంనగరము సుమారు 160 కిలోమీటర్ల దూరము. అచ్చట ఉదయమే పరీక్ష యైనచో రెండవ పాలు బస్సులో త్రాగుట యెట్లు? ముందునాడే చేరి ఆస్పత్రి దాపున బసచేయుడు. లేదా మధ్యాహ్నపు వేళను కోరి, ఆ ఉదయముననే మందంతయు త్రాగు పద్ధతి తమకు తగునేమో యడుగుడు. గోదావరీతీరపు వేసవిలో నీరు తగ్గనీయరాదు. తల తిరిగినను, మూత్రము తగ్గినను వెంటనే వైద్యునికి తెలుపుడు.

మూత్రపిండముల జబ్బు, గుండెజబ్బు, మధుమేహము గలవారును, నెత్తురు పలుచబఱచు మందులు వాడువారును ఆ సంగతిని ముందే చెప్పవలెను. విరేచనము మలము లేక పసుపుపచ్చని తేటనీరుగా వచ్చినప్పుడు ప్రేగు సిద్ధమైనదని యెఱుగునది. తమకు ఏ మార్గము తగునో వైద్యునడుగుటకు సంకోచింపకుడు. భయపడి పరీక్షను మాత్రము మానకుడు.