నింద తల్లిది కాదు
(వార్షిక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మన ఇళ్లలో బుద్ధి మాంద్యంతో బిడ్డ పుడితే మొదటి మాట తల్లి మీదే పడుతుంది. గ్రహణంలో బయట తిరిగిందనీ, తినరానిది తిన్నదనీ అంటారు. ఈ నింద ఎంత నిరాధారమో డౌన్ సిండ్రోమ్ అనే ఒక్క ఉదాహరణతో మనవి చేస్తాను.

మన జీవకణాల్లో సాధారణంగా 23 జతలు, అంటే 46 క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. అండం గాని, వీర్యకణం గాని తయారయ్యేటప్పుడు ఈ జతలు విడిపోవాలి. ఒక్కొక్కప్పుడు 21వ జత విడిపోదు. అప్పుడు బిడ్డకు 21వ క్రోమోజోములు మూడు వస్తాయి. మొత్తం 47 అవుతాయి. ఈ బిడ్డల లక్షణాలను 1866లోనే డౌన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించాడు. కారణం మాత్రం 1959లో పారిస్ శాస్త్రజ్ఞులు లెజ్యూన్, గోటియే, టర్పిన్ ప్రకటించేదాకా తెలియలేదు.

తల్లి వయసుతోపాటు ఈ అవకాశం పెరిగే మాట నిజమే. 35 ఏళ్లకు సుమారు 350 కాన్పుల్లో ఒకటి, 40 ఏళ్లకు సుమారు 100లో ఒకటి. అయితే ఎక్కువ కాన్పులు చిన్నవయసులోనే జరుగుతాయి గనుక ఈ పిల్లల్లో చాలామంది చిన్నవయసు తల్లులకే పుడుతున్నారు. కొందరిలో ఆ అదనపు క్రోమోజోము తండ్రి నుంచే వస్తుంది. ఇది ఎవరూ చేసిన తప్పు కాదు.

దగ్గరి సంబంధం వల్లే ఇలా అయిందని కొందరంటారు. తలసేమియా వంటి వ్యాధుల విషయంలో ఆ భయం సరైనదే. ఈ క్రోమోజోము లెక్క తప్పడం వేరు సంగతి.

నూటికి మూడు నాలుగు కేసుల్లో మాత్రం అదనపు 21వ క్రోమోజోము మరొక దానికి అతుక్కుని ఉంటుంది. అలాంటి కొన్ని కుటుంబాల్లో తల్లి గాని, తండ్రి గాని తాము ఆరోగ్యంగా ఉంటూనే ఆ అతుకును మోస్తుంటారు. కాబట్టి బిడ్డకు క్రోమోజోముల పరీక్ష చేయించండి. అతుకు కనబడితే భార్యాభర్తలిద్దరూ చేయించుకోవాలి, భార్య ఒక్కతే కాదు. తర్వాతి కాన్పుకు ముందే డాక్టరు సలహా తీసుకోవచ్చు.

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. పుట్టిన వెంటనే గుండె పరీక్ష, తర్వాత థైరాయిడ్, వినికిడి పరీక్షలు తప్పక చేయించాలి. నడక, మాట ఆలస్యమైనా నేర్పితే వస్తాయి. దయచేసి ఆ బిడ్డను చుట్టాలొచ్చినప్పుడు లోపలి గదిలో దాచకండి, బడికి పంపండి.