వినుచు, పలుకు చిన్న బోర్డు

రేడియో పెట్టెకు వినుటయే ధర్మము. స్టేషను పలుకును, అది వినును. తిరిగి బదులు చెప్పుట లేదు. నేడు మేము ముచ్చటింపబోవు వస్తువు అగ్గిపెట్టెయంత మైక్రోకంట్రోలరు బోర్డు. అది వైఫై మీద వినును, పలుకును. విన్నదానినిబట్టి దీపము వెలిగించును, మోటారు నాపును. దాని పేరు నోడ్‌ఎమ్‌సియు. దానిలోని చిప్పు ఇఎస్‌పి 8266.

ఈ బోర్డును చేతబట్టి చూచినచో ఒక అంచున వంకరటింకరగా ముద్రించిన రాగిగీత కనబడును. అది అలంకారము కాదు, ఏరియల్. మీడియం వేవు తరంగముల పొడవు సుమారు 190 మొదలు 560 మీటర్ల వరకు ఉండుటచే మన పెద్దలు మిద్దెపై గడలు నాటి పొడవైన తీగ కట్టిరి. ఈ బోర్డు వాడు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లే; అందు నాలుగవ వంతు గీత చాలును. ఈ తరంగములపై తక్కువ శక్తితో ప్రసారము చేయుటకు లైసెన్సు అక్కరలేదని భారత ప్రభుత్వము 2005లో నియమము చేసినది. రేడియో వినుటకే లైసెన్సు పుచ్చుకొనిన తరమువారికిది వింతగా తోచవచ్చును.

చిప్పును చేసినవారు షాంఘై నగరమునందలి ఎస్ప్రెసిఫ్ సంస్థవారు. 2014 ఆగస్టులో దీని నమర్చిన చౌక బోర్డులు వెలువడినప్పుడు వివరణపత్రములు చీనా భాషలో నుండెను. వేరొక మైక్రోకంట్రోలరునకు వైఫై సమకూర్చు సేవకునిగానే దాని నమ్మిరి. ఔత్సాహికులు ఆ పత్రములను ఆంగ్లములోనికి మార్చుకొని చదువగా, సేవకుడే యజమాని పనియు చేయగలడని తేలినది. ఆ అక్టోబరులో సంస్థవారు ప్రోగ్రాములు వ్రాయు సాధనములను విడుదల చేసిరి. 2016లో వచ్చిన ఇఎస్‌పి 32 ఇంతకంటె బలమైన తమ్ముడు. నేర్చుకొనువారికి అన్నయే చాలునని మా అభిప్రాయము.

ఇక అసలు విషయము. మిద్దెపై నీళ్ల ట్యాంకు, క్రింద బోరు మోటారు ఉన్నవనుకొందము. ట్యాంకులో ఫ్లోటు స్విచ్చి, దానికొక బోర్డు. స్టార్టరు వద్ద రిలేతో రెండవ బోర్డు. ట్యాంకు నిండగానే పైబోర్డు "ఆపుము" అని చెప్పును, క్రిందిది ఆపును. బల్లమీద ఇది ముచ్చటగా నడచును. కాని సరిగా నిండువేళ వైఫై నిలిచినచో ఆ ఆజ్ఞ చేరదు. నీరు పొంగి గోడలు తడియును. కావున పద్ధతిని తిరుగవేయవలెను. పైబోర్డు ప్రతి 30 సెకనులకు "ఇంకను నిండలేదు" అని చెప్పుచుండవలెను. 2 నిమిషములు ఆ మాట వినరానిచో క్రిందిది తనంతట మోటారు నాపవలెను. అప్పుడు మౌనము కూడ ఒక వార్తయే.

అంగళ్లలో దొరకు కొన్ని స్విచ్చులు ఎక్కడనో దూరదేశమున నున్న కంప్యూటరును అడిగి గాని పనిచేయవు. మన పెరటి మోటారు ఆగుటకు ఆ అనుమతి యెందులకు? ఈ రెండు బోర్డులకు ఇంటర్నెట్టు అక్కరలేదు. రౌటరు లేకున్నను ఒకటి తానే రౌటరువలె నిలిచి రెండవదానిని చేర్చుకొనగలదు. సంకేతపదమును మాత్రము తప్పక మార్చవలెను. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, తయారీదారు పెట్టిన సంకేతపదమే మిగిలియున్న కెమెరాలను, రౌటర్లను లోబరచుకొని, వాటిచేతనే ఇంటర్నెట్టుపై పెద్ద దాడులు చేయించినది.

కరెంటు పోయి వచ్చునప్పుడు మరియొక చిక్కు కలదు. బోర్డు మేల్కొనునపుడు కొన్ని పిన్నులపై క్షణకాలము వోల్టేజి లేచును. రిలేను అట్టి పిన్నుకు తగిలించినచో మోటారు ఉలికిపడును. బోర్డుపై డి1, డి2 అని గుర్తువేసిన పిన్నులు నెమ్మదివి. పిన్నుల వోల్టేజి 3.3 మాత్రమే. స్టార్టరు తీగల జోలికి ఎలక్ట్రీషియను తప్ప ఎవరును పోరాదు.

పైబోర్డు నుంచు చోటు కూడ చూచుకొనవలెను. నీరు ఈ తరంగములను మ్రింగును. ట్యాంకు చాటున బిగించినచో, ఖాళీగా నున్నప్పుడు చక్కగా పలికిన బోర్డు నిండినకొలది గొంతు తగ్గించును. క్రిందిబోర్డు వైపునకు, ఎండవానలు తగులని ప్లాస్టిక్ డబ్బాలో నుంచుడు. ఇనుప డబ్బా పనికిరాదు.