పెద్దల పలువరుస



ముందరి పండ్లు ఒకదానితో నొకటి కలియక, జామకాయనైనను కొరుకలేనివారు మనలో కలరు. ఈ లోపమును దిద్దుట బాల్యమందే సాధ్యమనియు, పెద్దలకు దవడ కోయుటయే శరణ్యమనియు పలువురి నమ్మకము. అది పూర్తిగా నిజము కాదు.

పన్ను గోడలో దిగగొట్టిన మేకు వంటిది కాదు. దానికిని ఎముకకును నడుమ సన్నని పొర కలదు. మెల్లగా, ఎడతెగక నెట్టినచో, ఒత్తిడి పడిన వైపున ఎముక కరగును. రెండవ వైపున క్రొత్త ఎముక ఏర్పడును. ఈ ధర్మము వయస్సుతో నశింపదు. అయితే పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే జరుగును. కావున చికిత్సకు తరచుగా రెండేండ్లు పట్టును.

1899లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ పండ్ల కలయికలోని దోషములను మూడు తరగతులుగా విభజించెను. నేడు ఎముకలో తాత్కాలికముగా బిగించు చిన్న మరల ఆధారముతో దవడపండ్లను లోనికి అదుముచున్నారు. అప్పుడు క్రింది దవడ పైకి తిరిగి, ముందరి పండ్లు కలియును.

కాని పెరుగుదల ముగిసిన దవడయెముక పన్నువలె జరుగదు. దవడల తేడా మిక్కుటమైనచో, పండ్లను వంచి దోషమును కప్పవచ్చును గాని తొలగింపజాలము. మితిమీరి వంచినచో చిగుళ్లు తగ్గి వేళ్లు బయటపడును. అట్టివారికి శస్త్రచికిత్సయే మేలు.

చిగుళ్ల జబ్బును ముందుగా నయము చేసికొనవలెను. చికిత్స ముగిసిన పిదప పండ్లను నిలుపు పరికరమును ధరింపవలెను. లేనిచో అవి మరల తొలగును.

కావున వైద్యుని మొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: “నా దోషము పండ్లదా, దవడదా?” తక్కిన నిర్ణయమంతయు ఆ సమాధానముపై నాధారపడియున్నది.