బడి బీరువాకు ఏ పుస్తకాలు?

ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలనీ, అందులో కథల పుస్తకాలూ ఉండాలనీ 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఉన్న కొద్దిపాటి నిధులతో కొనేటప్పుడు రాయితీ ఎంతన్నది కాదు, పిల్లలు చదువుతారా అన్నది చూడాలి. గట్టి అట్ట, లోపల బొమ్మ లేకుండా సన్నటి అచ్చు ఉన్న నీతికథల కట్టలు చవగ్గానే వస్తాయి, బీరువాలోనే ఉండిపోతాయి. అందుకే ముందు నాలుగైదు నమూనా ప్రతులు పిల్లల చేతికివ్వండి. రెండో పేజీ తిప్పుతున్నారో లేదో గమనించండి.

హైస్కూలు పిల్లలకు తగిన పుస్తకాల కొరత మరీ పెద్దది. బాల్యాన్ని వాడుక మాటల్లో చెప్పిన ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ లాంటివి వాళ్లకు అందాలి. ఇలాంటి కథల్లోని యాస, పేదరికం పిల్లలకెందుకని కొందరంటారు. ఆ యాస చాలామంది ఇంట్లో మాట్లాడేదే, దాన్ని దాచడం వాళ్లను చిన్నబుచ్చడమే. ఏ వయసుకు ఏది తగునన్న సందేహం మాత్రం న్యాయమైనదే. దానికి టీచరు ముందుగా పుస్తకం మొత్తం చదవాలి.