కడలి జీవుల గుడ్డబొమ్మలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతవరకు పెద్దలు విద్యను గూర్చియు మాతృభాషను గూర్చియు చక్కగా ఉపన్యసించిరి. మేము బొమ్మలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయ దలచితిమి. ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. కాని బిడ్డ పలక పట్టుటకు ముందే బొమ్మను పట్టుకొనును. లోకములోని జంతువులలో అనేకములు బిడ్డకు మొదట బొమ్మ రూపముననే పరిచయమగును. ఆ మొదటి పరిచయము సరియైనదో కాదో పెద్దలు విచారింపవలదా?

నేడు బొమ్మల దుకాణములలో సముద్ర జంతువుల మెత్తని బొమ్మలు విరివిగా కానవచ్చుచున్నవి. సొరచేప, తాబేలు, డాల్ఫిన్, తిమింగలము, ఎనిమిది చేతుల ఆక్టోపస్ — అన్నియు నూగుగుడ్డతో కుట్టి, లోపల దూది వంటి పదార్థము కూరినవే. వీనిలో కొన్ని కేవలము ముద్దుకొరకు చేసినవి. కొన్ని నిజమైన జంతువును పోలునట్లు శ్రద్ధతో చేసినవి. ఈ రెండవ తెగను గూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచినది.

మన గ్రాంట్ రోడ్డు నుండి గిర్గాం చౌపాటీకి నడిచి పోవచ్చును. సముద్రము మనకు అంత దగ్గర. కాని మన పూర్వులలో పెక్కురు సముద్రము నెరిగినవారు కారు. కామాఠీపురాకు ఆ పేరు తెచ్చిన కామాఠీలు తెలంగాణపు పల్లెల నుండి వచ్చి ఈ నగరమునకు దారులు వేసి, గోడలు కట్టిన శ్రమజీవులు. వారి ఊరిలో చెరువు కలదు గాని కడలి లేదు. కొరమేను, జెల్ల, బొమ్మిడాయి వారెరిగిన చేపలు. ఇచ్చటి బజారులో కనబడిన సముద్రపు చేపలను ఇచ్చటివారి మాటలతోనే పిలుచుట అలవాటు చేసికొనిరి. అందువలన మన ఇండ్లలో నేటికిని పాప్లెట్, సుర్మయి, బాంగ్డా అను పేర్లే వినబడును. అవియే మన కోస్తా తీరమున చందువా, వంజరము, కానాగంత అని పిలువబడునని మన పిల్లలలో ఎందరెరుగుదురు? మరాఠీ మాటలు నేర్చుట తప్పు కాదు. అది మనకు అన్నము పెట్టిన నేల భాష. కాని రెండు పేర్లు తెలిసిన బిడ్డ ఒక్క పేరు తెలిసిన బిడ్డకంటె ధనవంతుడు.

ఇక బొమ్మల చరిత్రను కొంచెము తడవుదము. తెలుగువారు బొమ్మలకు పేరెన్నిక గన్నవారు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, దశావతారముల వరుసలు చేయుదురు. ఆ వరుసలో మొదటిది చేప, రెండవది తాబేలు! ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, లక్కతోను చెట్ల రంగులతోను నిగనిగలాడు బొమ్మలు చేయుదురు. ఆ చెట్ల రంగుల విద్యను పునరుద్ధరించిన సి. వి. రాజుగారు 2023లో పద్మశ్రీ పొందిరి. శ్రీకాకుళము చెంత శ్రీకూర్మములో విష్ణువు కూర్మ రూపముననే పూజలందుచున్నాడు. కాబట్టి నీటి జంతువును ప్రేమించి రూపము దిద్దుట మనకు క్రొత్త విద్య కాదు.

మెత్తని కుట్టుబొమ్మ జర్మనీలో ప్రసిద్ధి కెక్కినది. గీంగెన్ పట్టణమున మార్గరెటె స్టైఫ్ అను కుట్టుపనిగత్తె 1880లో ఏనుగు ఆకారమున ఒక సూదులదిండు చేసినది. తల్లులు సూదులు గ్రుచ్చుకొనుటకై చేసిన దానిని పిల్లలు ఆటకు లాగికొనిరి! ఈమె చిన్ననాటనే వ్యాధి సోకి కాళ్లు కదల్పలేక చక్రముల కుర్చీలో జీవించిన స్త్రీ యని మన బాలికలు గుర్తుంచుకొందురు గాక. 1902లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వేటలో కట్టివేసిన ఎలుగును కాల్చుటకు నిరాకరించెను. ఆ కథ పత్రికలో వ్యంగ్యచిత్రముగా రాగా, దానినిబట్టి టెడ్డీ అను ఎలుగుబొమ్మ పుట్టినది. కనికరము నుండి పుట్టిన బొమ్మ కనుకనే కాబోలు, అది ఇన్నాళ్లు నిలిచినది.

సొరచేప చరిత్ర ఇందులకు విరుద్ధము. 1974లో పీటర్ బెంచ్లీ అను అమెరికా రచయిత మనుష్యులను తిను సొరను గూర్చి ఒక నవల వ్రాసెను. మరుసటి యేడు అది చలనచిత్రమై లోకమెల్ల భయము పుట్టించినది. సొర యనగా చంపదగిన రాక్షసి యను భావము జనులలో నాటుకొనినది. తరువాత ఆ రచయితయే సొరల రక్షణకై తన శేషజీవితమంతయు పాటుపడెను. చూచితిరా! ఒక తప్పు రూపము జనుల మనస్సులో పడినచో, దానిని తుడుచుట దానిని చిత్రించినవానికే సాధ్యము కాలేదు.

సరియైన రూపము మేలు చేయునా? చేయునని మన పొరుగు రాష్ట్రము నిరూపించినది. గుజరాతు తీరమునకు తిమింగలపు సొర వచ్చుచుండును. చేపలలో ఇంతకంటె పెద్దది లోకమున లేదు. అయినను అతి సాధుజీవి; నోరు తెరచి నీటిలోని సూక్ష్మజీవులను, చిన్న చేపలను వడగట్టి తినును. దీని కాలేయపు నూనెను పడవలకు పూయుటకును, పిదప మాంసము ఎగుమతి చేయుటకును జాలరులు దానిని వేటాడుచుండిరి. మైక్ పాండే తీసిన చిత్రము ఈ వేటను లోకమునకు చూపినది. 2001లో దీనికి వన్యప్రాణి చట్టము క్రింద పూర్తి రక్షణ లభించినది. కాని చట్టమొక్కటి చాలునా? 2004లో వన్యప్రాణి సంరక్షకులు గాలి నింపిన నిలువెత్తు సొరబొమ్మను ఊరూర ప్రదర్శించిరి. మొరారీ బాపూ ఆ జంతువును పుట్టింటికి వచ్చిన ఆడపడుచుతో పోల్చి చెప్పిరి. దానికి ‘వ్హాలీ’, అనగా ప్రియమైనది, అని పేరు పెట్టిరి. వల కోసి దానిని విడిచిన జాలరికి వల నష్టము ఇచ్చు ఏర్పాటు జరిగినది. నాటి నుండి వందల కొలది తిమింగలపు సొరలు ఆ జాలరుల చేతనే విడిచిపెట్టబడినవి. 2021 డిసెంబరులో మన విశాఖ దగ్గర తంతడి తీరమున చిక్కిన ఒకదానిని గూడ జాలరులు, అటవీ సిబ్బంది కలిసి సముద్రమునకు సాగనంపిరి. బొమ్మ, పేరు, ధర్మవాక్యము, ధనసహాయము — ఈ నాలుగును కలిసినప్పుడు కత్తి దిగినది. ఇందులో ఏ యొక్కటి లోపించినను ఫలము దక్కెడిదా యని మేము సంశయింతుము.

కావున బొమ్మ కొనునప్పుడు అది నిజమైన జంతువును పోలియున్నదా యని చూడుడు. ఇందుకు కొన్ని గురుతులు చెప్పెదము. సొర చేప గనుక దాని తోక నిలువుగా నుండి ప్రక్కలకు ఆడును. డాల్ఫిన్, తిమింగలము పాలిచ్చు జంతువులు గనుక వాని తోక అడ్డముగా నుండి క్రిందికి మీదికి ఆడును. తోక తప్పుగా కుట్టిన బొమ్మ తప్పు పాఠము నేర్పును. పెక్కు సొరలకు తల వెనుక ఒక్కొక్క ప్రక్క ఐదేసి మొప్పచీలికలుండును. డాల్ఫిన్‌కు నడినెత్తిన ఊపిరి రంధ్రముండును. చెరువు తాబేలు తలను డిప్పలోనికి ముడుచుకొనును. సముద్రపు తాబేలు ముడుచుకొనలేదు. దానికి పాదములుండవు, తెడ్లవంటి రెక్కలుండును. ముందువి పొడవు, వెనుకవి పొట్టి. చెరువు తాబేలు కాళ్లు తగిలించి ‘సముద్రపు తాబేల’ని అమ్మెడి బొమ్మలను మీరు ఇకమీద ఇట్టే పట్టుకొనగలరు.

మెత్తని బొమ్మకు ఒక చిక్కు కలదు. దుకాణపు బొమ్మలలో పెక్కింటి నూగు, లోపలి కూర్పు గూడ పాలిస్టర్. అది చమురు నుండి తీసిన ప్లాస్టిక్కే. ఇట్టి గుడ్డను ఉతికినప్పుడెల్ల కంటికి ఆనని పోగులు రాలి, కాలువల వెంబడి కడలిని చేరును. సముద్రములలో చేరు సూక్ష్మ ప్లాస్టిక్కులో ఇంచుమించు నూటికి 35 పాళ్లు కృత్రిమ వస్త్రముల ఉతుకువలననే వచ్చుచున్నవని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2017లో అంచనా కట్టినది. తాబేలు బొమ్మను ముద్దాడుచు తాబేలు ఇంటిలో చెత్త పోయుట ఏమి న్యాయము? బొమ్మలు కొనవలదని మేమనము. తక్కువ కొనుడు, చిరకాలము దాచుడు, చినిగిన కుట్టుకొనుడు, పెద్దవాని బొమ్మను చిన్నవానికి ఇండు. కొన్నచో ఐ.ఎస్.ఐ. ముద్ర చూచి కొనుడు. 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ఆ ముద్ర తప్పనిసరి యైనది. పసిబిడ్డలకైతే గుండీల కన్నులు వలదు. ఊడి గొంతుకు అడ్డుపడవచ్చును. దారముతో కుట్టిన కన్నులే మేలు.

అంతకంటె మేలైనది మనమే కుట్టుకొనుట. మన ముంబై తెలుగువారిలో పద్మశాలీలు ఎందరో కలరు. మన తాతలు ఈ నగరపు బట్టల మిల్లులలో మగ్గముల నడుమ బ్రతుకు వెళ్లబుచ్చిరి. 1982 సమ్మెతో ఆ మిల్లుల వెలుగు ఆరినను, నూలు గుడ్డ విలువ మన ఇండ్లలో మరుపునకు రాలేదు. పాత నూలుచీర చెంగు, గుప్పెడు బూరుగు దూది, సూది దారము — ఇవి చాలును.

ఏ జంతువును కుట్టుదము? తిమింగలపు సొర నిలువెత్తు బొమ్మ నలుబది అడుగుల దాక నుండవచ్చును. మన చాలులో నాలుగు గదులు కలిపినను పట్టదు! కాని ఆలివ్ రిడ్లే తాబేలు పిల్ల ఉన్నది ఉన్నట్లుగా మీ అరచేతిలో ఇమిడిపోవును. ఈ జాతి తాబేలు మన శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు గల తీరమున గ్రుడ్లు పెట్టును. ఇచ్చటి కొంకణ తీరమునను పెట్టును. ఒక్కొక్క గూటిలో ఇంచుమించు నూరు గ్రుడ్లుండును. 2018 మార్చిలో, స్వచ్ఛందసేవకులు రెండేండ్లకు పైగా చెత్త యెత్తిన వెర్సోవా ఇసుకలో, సుమారు ఇరువది ఏండ్ల తరువాత ఆ పిల్లలు కనబడినవి. మన నగరపు ఇసుకలోనే! తారాపోర్‌వాలా మత్స్యశాల 1951లో బాబూ రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా తెరువబడి తరములకు చేపలను చూపినది. అది 2020లో మూతబడి, పిదప కట్టడము శిథిలమైనదని ఏండ్ల తరబడి తెరుచుకొననే లేదు. మత్స్యశాల లేనినాడు మన చేతి బొమ్మయే మత్స్యశాల కావలెను.

తాబేలు పిల్లను కుట్టు విధము వినుడు. గుడ్డ నల్లని బూడిద వన్నెది కావలెను. డిప్ప గుండెకాయ ఆకారమున, పొడవునకు వెడల్పు కొంచెమే తక్కువగా, బొటనవ్రేలంత యుండవలెను. నడుమ వరుసకు ఇరుప్రక్కల ఆరేసి పలకలు దారముతో గీయుడు. ఈ జాతికి గురుతు ఆ ఎక్కువ పలకలే. ముందు తెడ్లు పొడవుగా, తల బయటనే. పిదప దాని పొట్టక్రింద ‘సముద్రపు తాబేలు’ అని తెలుగులోను, ‘కాసవ్’ అని మరాఠీలోను కుట్టుడు.

తల్లులారా! ఈ పనిని మీ బిడ్డలతో కలిసి చేయుడని మా ప్రార్థన. చేయునప్పుడు మాటలాడుడు, తెలుగున మాటలాడుడు. డిప్ప, తెడ్డు, మొప్ప, ఇసుక, అల — ఇట్టి మాటలు పరీక్ష కొరకు బట్టీయము పట్టినచో నిలువవు. చేతిలోని వస్తువుతో కలిసి వచ్చినచో మరపునకు రావు. చదువు బడిలో గలదు. భాష ఇంటిలో గలదు. ఇల్లు మౌనము వహించినచో బడి యొక్కటియే భాషను మోయజాలదు.

బాలబాలికలారా! వచ్చే వార్షికోత్సవమునకు ఈ బల్లమీద మీరు కుట్టిన తాబేళ్లు నూరు, అనగా ఒక గూటిలోనివన్ని, వరుసగా నుండవలెనని మా కోరిక. చౌపాటీకి పోయినప్పుడు ఒక్క ప్లాస్టిక్ సంచియైనను ఇసుకలో విడువకుడు. నీటిలో తేలు సంచిని జెల్లీచేప యని భ్రమించి తాబేళ్లు మ్రింగును. చేతిలో బొమ్మను, నోట మాటను, తీరమున ఇసుకను శుభ్రముగా కాపాడుకొనుడు.  మీకందఱకు ఆయురారోగ్యములు కలుగు గాక!